గురుడి పక్కన చుక్క

ఇదేంటయ్యా డేనియలూ, చుక్కేదీ?

ఏ చుక్క అంటావేంటి! ఇక్కడుండాల్సిన చుక్క. ఈ గుండ్రంటి పెద్దదాని పక్కన, ఇదుగో, నా వేలు పెట్టిన చోట. శెనగ్గింజంత ఉంటది, మెరుస్తా ఉంటది. మొన్న నీ ఫోనుకి పంపించిన బొమ్మలో ఉంది. ఇప్పుడు నీ కంప్యూటర్లో లేదు. ఎటు పోయింది, టీ తాగి రావటానికి పోయిందా?

మచ్చా?

మచ్చ అనుకుని తుడిచేశావా? ఓరి నీ ఇల్లు బంగారం గానూ! పెళ్లికూతుళ్ల మొటిమలు తుడిచీ తుడిచీ నీ చేతికి అదే జబ్బు పట్టుకుంది. మొన్న మా శాలేమురాజు బాబాయి వర్ధంతి ఫ్లెక్సీలో ఆయన బుగ్గ మీద పులిపిరి పీకేశావు. పుట్టినప్పట్నుంచీ మోశాడయ్యా ఆయన దాన్ని. మనవలొచ్చి, ఈ ముసలాయనెవరు, ఎవరింటి ఫ్లెక్సీ ఇది అని అడిగారు.

నవ్వుతావేంటి. అది మచ్చ కాదు. నా కూతురు చేసే పనంతా అదే.

కుర్చీ ఎందుకులే, నుంచునే చెబుతా. విను. ఈ పెద్దది గురుడు. గ్రహం. మనం నుంచున్న భూమి ఉంది చూడు, ఇట్టాంటివి వెయ్యికి పైన పోసినా ఇంకా చోటుంటదంట దాని కడుపులో. ఆ చుక్క దాని చందమామ. మనకి ఒక్కటే గదా, ఆయనగారికి చానామంది ఉన్నారు, కలిగినోళ్లింట్లో పనోళ్లున్నట్టు. మా హెప్సీ చూసేది ఆ ఒక్కదాన్ని. పేరేదో చెప్పింది గానీ నాకు నోరు తిరగలా.

ఎట్టా చూస్తదంటే, డాబా ఎక్కి గొట్టంలోంచి కాదు. ఆకాశం దాటించి ఎక్కడో నిలబెట్టారంట పెద్ద టెలిస్కోపుని. మేఘం లేదు, దుమ్ము లేదు. మా పిల్ల పూణేలో కూచుని, ఫలానా రోజు అటు చూడమ్మా అని ముందే అడుక్కోవాలంట. లోకంలో చదువుకున్నోళ్లంతా అడుక్కుంటానే ఉంటారంట. మా హెప్సిబా వాళ్ల జట్టు అడిగితే ఇచ్చారు. చూసింది. ఆ చూసిన బొమ్మే నువ్వు తుడిచింది.

పెళ్లికూతుర్ని తుడిచేసి పందిరి ఉంచావు, అబ్బాయ్!

ఏంటి? మా బావగారు, ఆ మాస్టారు, ఫోన్ చేశాడా? చుక్క తియ్యమన్నాడా? కాదా? మరింకేంటి, నసుగుతావు. ఉండు, నా మాట కానీ ముందు. నీది తర్వాత చెబుదువుగాని.

ఫ్లెక్సీ మొత్తం చూపియ్యి. ఆఁ, అట్టా చిన్నగా చెయ్యి, మొత్తం కనపడాలి.

ఇదెవరు? ఈ ఎడమపక్క, ఇంత గుండ్రంలో?

తెలుసులేవయ్యా. బర్నబాస్ మాస్టారు. మా బావగారు, మా ఆయనకి అన్న. గురుడి కంటే పెద్దగా ఉన్నాడే! ఈ రంగెప్పుడు తేలాడు ఈయన? బియ్యప్పిండి పూసినట్టు! ఆయనే చెప్పాడా, కొంచెం తెల్లగా వెయ్యమని? చెబుతాడు. కళ్లు రెండూ పోయినా రంగు మీద ఆశ పోలా.

మా హెప్సీ ఇదా? ఆయన భుజం కింద నిమ్మకాయంత. రేపు పిల్ల ఊరొస్తదని చర్చిలో పెట్టిన కూడిక ఎవరికయ్యా, దానికా ఆయనకా? ఆ మూల పావురం పక్కన మా ఆయన. బాగుంది. ఫ్రాన్సిస్ బతికున్నప్పుడూ మూలనే నుంచునేవాడు, అలవాటే.

నేను లేను. వెతకమాక. నేను లేననే సంగతి నాకు తెలుసు.

సరే, ఇప్పుడు అసలు పని చెబుతా. నేను చుక్క కోసమే రాలా.

ఫోన్లో హెప్సీని అడిగాను నేను. అంత టెలిస్కోపు ఉంటే ఆ చుక్కని చూట్టానికి ఇన్నాళ్లు పట్టిందేమే అని. అదేమందంటే, అమ్మా, పక్కనున్న పెద్దదాని వెలుగు ఉంది చూడు, అది అంతా పరుచుకుని ఉంటది, దానికి అంటుకుని తిరిగేది అందులో కలిసిపోయిద్ది. ముందు ఆ పెద్దదాని వెలుగెంతో చూసుకుని, దాన్ని బొమ్మలోంచి తీసేయాలి. అది తీసేస్తేనే ఈ చిన్నది తేటగా కనపడుద్ది. అట్టా చెప్పింది.

నాకు బాగా ఎక్కింది ఆ మాట. చదువు నాకు ఎక్కలా గానీ ఇది ఎక్కింది.

ఇంకోటి కూడా చెప్పింది. ఆ చుక్క బాగా దగ్గరగా తిరుగుద్దంట. అందుకని ఆ పెద్దాయన దాన్ని పట్టి పిసుకుతానే ఉంటాడంట, పరోటా పిండి పిసికినట్టు. పిసుకుడికి లోపలంతా కాగిపోయి పైకి నిప్పులు కక్కుద్దంట. ఆ నిప్పులే హెప్సీ వాళ్లు చూసేది. పైగా ఎప్పుడూ ఒక్క మొహమే ఆయన వంక పెట్టుకు తిరగాలంట. వీపు తిప్పే వీల్లేదంట.

ఏంటా చూపు? అయ్యో పాపం అనుకుంటన్నావా నన్ను? అనుకోబాక. నేను చందమామని కాదు, వంటమనిషిని.

మా ఆయన మీ తెనాలిలోనే, నిమ్మకాయల యార్డులో బస్తాలు మోసేవాడు. గుండె పట్టేసి బస్తా కిందే పోయాడు. పిల్లకి నాలుగో ఏడు. ఈ బావగారు వచ్చి, మన ఇంటి పిల్ల వీధిన పడకూడదన్నాడు. పిల్ల పడకూడదన్నాడు, నా మాట ఎత్తలా. రేపల్లె తీసుకుపోయాడు. పిల్ల కుర్చీలోకి, నేను వంటింట్లోకి.

తిండి పెట్టలేదని అనను. పెట్టాడు. అందరూ తిన్నాక తినేదాన్ని. అదేం గొప్ప కష్టం కాదు, చారు చల్లారుద్ది, అంతే.

కష్టమేంటో చెప్పనా? ప్రార్థన.

మీ ఇంట్లోనూ చేస్తారుగా సాయంత్రం కుటుంబ ప్రార్థన, ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఒక్కో వచనం చదవటం? వాళ్లింట్లోనూ అంతే. వరసన ఆయన, మా తోడికోడలు అక్క, వాళ్ల పిల్లలు, వచ్చిన చుట్టాలు. నా వంతు వచ్చేది. నాకు రాదని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అయినా పుస్తకం నా ఒళ్లో పెట్టేవాడు. "చదువు పున్నమ్మా, తొందరేం లేదు, ప్రభువు ఓపిగ్గలవాడు." అని ఊరుకునేవాడు. అందరూ తలొంచుకుని కూచునేవాళ్లు. నేను వేలు పెట్టి ఒక అక్షరం, దాని పక్క ఇంకో అక్షరం... చెమటలు. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన. ఎవరూ లేవకూడదు. ఆయన చాలంటేనే చాలు.

వచ్చిన చుట్టాలకి చెప్పేవాడు, నేర్పుతున్నానమ్మా ఈవిడకి, ఏం చేస్తాం, బండ అని.

ఒకరోజు పిల్ల నవ్వింది.

ఎవరి పిల్ల ఏంటి, నా పిల్లే! హెప్సిబా. అప్పటికి చక్కగా చదువుతది. నేను ఏదో అక్షరం పలికాను, కిసుక్కున నవ్వింది. ఆయన దాన్ని కొట్టలా, తిట్టలా. తల మీద చెయ్యేసి, "మీ అమ్మలాగా కాబాక తల్లీ" అన్నాడు. అదైనాక ఇద్దరూ డాబా ఎక్కారు. అదుగో గురుడు, అదుగో శుక్రుడు అని చూపిస్తన్నాడు. కింద పంపు కాడ గిన్నెలు తోముతా నేనూ తల ఎత్తి చూశా. ఒకటి మెరుస్తా ఉంది. అదే గురుడంట. నాకేం తెలుసు.

ఆ నవ్వు అయిపోయిందనుకున్నా. పిల్లది, మర్చిపోయిద్దిలే అనుకున్నా. బాపట్లలో హాస్టల్లో ఉండి చదివింది, ఆ తర్వాత ఎక్కడెక్కడో చదివింది, ఉద్యోగం వచ్చింది. నెలనెలా నాతో మాట్లాడుద్ది, అమ్మా తిన్నావా అంటది. బాగానే ఉంటది నాతో.

మొన్న ఎవరో దాన్ని వీడియోలో కూచోబెట్టి మాట్లాడారు. మా వీధిలో సండేస్కూలు చెప్పే పిల్ల వీణ, ఫోను తెచ్చి చూపించింది. పిన్నీ, మన హెప్సిబాక్క అని. ఆ వీడియోలో అడిగారు, నీకు ఆకాశం మొదట చూపించిందెవరు అని. మా పెదనాన్న అంది. సరే, చూపించాడు, కాదనను. మీ అమ్మగారు ఏమంటారు మీ పని గురించి, అన్నారు.

"మా అమ్మకి ఇవన్నీ తెలీవండి" అని నవ్వింది.

అదే నవ్వు, డేనియలూ. అచ్చం అదే. ఇంత పెద్దదయింది, జుట్టు కత్తిరించుకుంది, కళ్లజోడు పెట్టింది. నవ్వు మటుకు ఆ ప్రార్థన చాప మీద నవ్వే. నాకు తెలీదనుకుంది గానీ వీణ నన్నే చూసింది. మంచినీళ్లు తెమ్మంటావా పిన్నీ అంది.

నిన్న ఫోన్లో, ఫ్లెక్సీ వేయిస్తన్నారంటగా అమ్మా, పెదనాన్న ఫొటో పెద్దగా వెయ్యమను, అని చెప్పింది.

అట్టాగేనమ్మా అన్నా.

ఏంటయ్యా, మళ్లీ నోరు తెరుస్తావు? మాస్టారు చెప్పిందేదో ఉందా? ఉండనీ. ఆయన చెప్పినయ్యి నేను చానా విన్నా. ఈ పూట నువ్వు నేను చెప్పింది విను.

ఈ గుండ్రంలోంచి ఆయన మొహం తీసెయ్యి. తీసేసి గురుణ్ణి పెట్టు అందులో. సరిగ్గా సరిపోయిద్ది, కొలిచినట్టు. గురుడి పక్కన చుక్కని పెట్టు. మా పిల్ల బొమ్మ పెంచు. అంతే.

ఆయనకి తెలుస్తదా? ఎట్టా తెలుస్తదయ్యా! షుగర్ తినేసింది రెండు కళ్లనీ. దీపం పెట్టినా చీకటే, ఎండలో నిలబెట్టినా చీకటే. అక్క పోయింది. వాళ్ల పిల్లలు ఎవరి దారి వాళ్లది. ఇప్పుడు అన్నం కలిపి చేతిలో పెట్టేదెవరు? బండ.

ఇప్పుడూ ప్రార్థన జరుగుద్ది మా ఇంట్లో. ఇద్దరమే. ఆయన చదవలేడు గదా, కంఠతా వచ్చినవి చెబుతాడు. ఎన్ని వచ్చో! నీళ్లు పారినట్టు చెబుతాడు. నేను విని విని, నాకూ వచ్చు అయ్యన్నీ, అక్షరాలు రావు గానీ. ఆయన చక్కగా చెప్పుకుపోతా ఉంటే మధ్యలో, "ఒక మాట తప్పింది బావగారూ" అంటాను.

ఆగిపోతాడు. మళ్లీ మొదట్నుంచీ చెబుతాడు.

"మళ్లీ తప్పింది."

చెమటలు పడతయ్యి. ఎక్కడ పున్నమ్మా, ఎక్కడ తప్పింది అంటాడు. తొందరేం లేదు బావగారూ, ప్రభువు ఓపిగ్గలవాడు అంటాను.

తప్పిందా? లేదయ్యా. ఒక్క మాట కూడా తప్పడు. ఊరికే అంటా.

అట్టా చూడమాక. చర్చిలో పాటలు పాడే మొహం పెట్టి చూడమాక నన్ను. నువ్వు పులిపిరి తుడిచావు, నేను ఇంకోటి తుడుస్తన్నా. మౌస్ తిప్పు.

ఎక్కడున్నాడంటే, ఇక్కడే. పొద్దున రేపల్లె బండికి తీసుకొచ్చా, కంటి డాక్టరుకి చూపిస్తానని. ఫ్లెక్సీ చూసొస్తానని చెప్పి పక్క హోటల్లో కూచోబెట్టొచ్చా. ఎదురుగా ఇడ్లీ పెట్టించా. చట్నీ ఏ పక్కనుందో చెప్పలా. చెయ్యి పెట్టి వెతుక్కుంటా ఉండుంటాడు, నీళ్ల గ్లాసులో ముంచుకుంటా ఉండుంటాడు. పెద్దోడు గదా, ఎవరినీ అడగడు.

రేపు కూడికలో ఫ్లెక్సీ ముందు కుర్చీ వేస్తా. జనం వస్తారు, బర్నబాస్ మాస్టారి బొమ్మేది అని చూస్తారు. ఉండదు. చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆయన దండ వేసుకుని, తల ఎత్తుకుని, తన బొమ్మ కింద కూచున్నాననుకుని కూచుంటాడు. పక్కనే నేను నుంచుంటా. అందరూ తనవంకే చూస్తన్నారని చెబుతా.

ఆఁ, తీశావా? గురుణ్ణి ఇంకొంచెం పెద్దది చెయ్యి. చుక్క పెట్టావా? అదుగో! ఎంత ముచ్చటగా ఉంది చూడు, ముక్కుపుడకలాగా.

ష్. కర్ర చప్పుడు. తనే వచ్చేశాడు. నోరు మూసుకో, నవ్వబాక.

రండి బావగారూ, రండి రండి. మెట్లున్నాయి, జాగర్త. ఒకటి, రెండు. అయ్యో, తగిలిందా? మూడో మెట్టు ఉందా? నేను రెండే అనుకున్నానండి.

ఇడ్లీ తిన్నారా? చట్నీ పెట్టలేదా! పెట్టాడండీ, కుడిపక్క గిన్నెలో. చెప్పటం మరిచా.

ఆఁ, అయిపోయిందండి. చాలా బాగా వచ్చింది. ఇట్టా రండి, చెయ్యి ఇయ్యండి. ఇదే కంప్యూటరు, అద్దం. ఇదుగో, ఈ గుండ్రం మొత్తం మీరే. ఇక్కణ్ణుంచి... ఇక్కడిదాకా. తెల్లగానే వచ్చారండి. చొక్కానా? చారలది. గళ్ల చొక్కాతో దిగారా? డేనియలే మార్చాడండి, చారలు బాగుంటయ్యని. ఏం డేనియలూ?

దగ్గుతున్నాడండి, దుమ్ము.

పక్కన ఏముందా? అది చుక్కండి. మన పిల్ల చూసే చుక్క.

ఏంటండీ?

నా ఫొటోనా?

మీరు ఫోన్ చేసి చెప్పారా? నా ఫొటో వెయ్యమనా? మధ్యలో, హెప్సీ పక్కన?

డేనియలూ. ఇందాకట్నుంచీ నువ్వు నసుగుతుంది ఇదా?

ఉండు. ఉండు, మౌస్ మీంచి చెయ్యి తియ్యి. ఏదీ ముట్టుకోబాక ఒక్క నిమిషం.

కూచోండి బావగారూ. కుర్చీ ఇదుగో, మీ మోకాలి కాడే. ఫ్యాను ఇటు తిప్పయ్యా డేనియలూ. మంచినీళ్లు తాగండి. సీసా మూత తీశా, చేతిలో పెడతన్నా, రెండు చేతుల్తో పట్టుకోండి. నిండుగా ఉంది, ఒలికిద్ది.

నాకెందుకండీ ఫొటో. నేనేం చేశానని.

వద్దులెండి... ఏ ఫొటో ఇచ్చారు? క్రిస్మస్‌కి దిగిందా, ఆ నీలం చీరదా?

ఏంటండీ? కింద రాయాలా? ఏం రాయమన్నారు?

మళ్లీ చెప్పండి.

"అక్షరం ముక్క రాని తల్లి."

ఓహో. అది వేస్తేనే జనానికి తెలుస్తదంటారు. ఎట్టాంటి కడుపున పుట్టినదాన్ని మీరు ఎక్కడికి తీసుకెళ్లారో. అవునండి. పెద్దక్షరాల్లోనా? ఎర్రరంగులోనా? అట్టాగే అండి. నిజమే గదండి, అబద్ధం ఏముంది అందులో.

లేదండి, నాకెందుకు బాధ.

లెయ్యండి మరి. సీసా ఇటియ్యండి. ఆటో వస్తది, బయట నుంచుందురుగాని. మెట్లా? మూడండి. ఇక్కడ, ఇంకొంచెం ముందుకి. ఆఁ, ఇక్కడే ఉండండి, చల్లగా ఉంటది. వస్తన్నా.

ఏం చూస్తావయ్యా? నిలబెట్టింది ఎండలోనే. తగిలినా నీడేదో ఎండేదో అడిగే మనిషి కాదులే.

ఎక్కడ ఆపాం? ఆఁ, ఆ గుండ్రం అట్టాగే ఉంచు. ఆయన వద్దు. నా ఫొటో కూడా వద్దు, వేస్తే నువ్వు మళ్లీ మచ్చలు తుడుస్తావు. ఆయన చెప్పిన ఆ రాత కూడా వద్దు. చుక్క మటుకు ఉందో లేదో ఇంకోసారి చూసుకో.

హెప్సీనా? అడుగుద్ది. రేపు అందరి ముందూ అడుగుద్ది, పెదనాన్న బొమ్మ ఏదమ్మా అని. అడగనీ. నేనూ నవ్వుతా. అక్షరం ముక్క రానిదాన్ని తల్లీ, అందులో ఏం వేశారో నాకేం తెలుసు అంటా.

కొట్టు ప్రింటు.